పది అడుగుల దూరం

మహానగరానికి రెండు ముఖాలుంటాయి. పగటి ముఖం అందరికీ పరిచితమే. ఎత్తయిన భవనాలు, అంగళ్ల బారులు, పనులకు పరుగులెత్తే జనం. యాత్రికుడు చూచేది దానినే, పాఠ్యపుస్తకం వర్ణించేదీ దానినే. రాత్రి ముఖం వేరు. అది గస్తీ తిరిగే పోలీసులకు, మంటలార్పేవారికి, నిలువనీడ లేనివారికి, నేరస్థులకు మాత్రమే తెలిసినది. న్యూయార్కు నగరపు రాత్రి ముఖాన్ని 1930, 1940 దశకాలలో లోకం కన్నులయెదుట నిలిపిన ఛాయాచిత్రకారుడు వీజీ. అతని చేతి సాధనం, మడిచి పెట్టెవలె మూసివేయడానికి వీలైన ఒక పెద్ద కెమేరా. ఆ కెమేరా అతనికి పూర్వమూ ఉన్నది. అతని కాలంలో అమెరికా పత్రికా ఛాయాగ్రాహకులందరి చేతులలోనూ ఉన్నది. అయినా దాని పేరు చెప్పగానే చాలమందికి ముందుగా స్ఫురించేది అతని ఆకారమే: నలిగిన టోపీ, నోట చుట్ట, ముఖానికి అడ్డంగా కెమేరా, దాని ప్రక్కన పళ్లెంవలె మెరిసే దీపపు గిన్నె. మనిషికీ పనిముట్టుకూ ఇంతటి పొత్తు ఎట్లు కుదిరినదో అతని జీవితమే చెబుతుంది.

వీజీ అసలు పేరు ఉషర్ ఫెల్లిగ్. 1899 జూన్ 12వ తేదీన జ్లోచోవ్ అనే ఊరిలో ఒక యూదు కుటుంబంలో అతడు జన్మించినాడు. ఆ ఊరు నాడు ఆస్ట్రియా హంగరీ సామ్రాజ్యంలోని గెలీషియా ప్రాంతానికి చెందినది. నేడు ఉక్రెయిన్ దేశంలో ఉన్నది. పొట్ట చేతబట్టుకొని సముద్రం దాటిన లక్షలాది కుటుంబాలలో వీరిదీ ఒకటి. 1909లో బాలుడు అమెరికా చేరినాడు. క్రొత్తదేశంలో ఉషర్ అనే పేరు ఆర్థర్‌గా మారినది. కాపురం న్యూయార్కు తూర్పు భాగంలో, కాందిశీకులు క్రిక్కిరిసి ఉండే ఇరుకు వాటాలలో. తండ్రి తోపుడుబండి మీద సరకులు అమ్మేవాడు. బేరం సాగిన రోజు పొయ్యి వెలిగేది, సాగని రోజు ఆరేది. 14 ఏళ్ల వయస్సు వచ్చేసరికి ఆర్థర్ బడికి స్వస్తి చెప్పి సంపాదనకు పూనుకొన్నాడు.

ఆ రోజులలో వీధులవెంట తిరుగుతూ పల్చని ఇనుపరేకు మీద అప్పటికప్పుడు బొమ్మ తీసి ఇచ్చేవారుండేవారు. ఒకనాడు అట్టివాడొకడు ఆర్థర్ బొమ్మ తీసినాడు. మందు నీళ్లలోనుంచి తన ముఖం తేలివచ్చిన ఆ క్షణమే ఆ బాలుని వృత్తిని నిర్ణయించినది. తపాలా ద్వారా ఆ పనిముట్లు తెప్పించుకొని తానూ ఆ పనిలో దిగినాడు. కొంతకాలానికి ఒక చిన్న గుర్రాన్ని సంపాదించి, పేదపేటల పిల్లలను దానిమీద కూర్చుండబెట్టి బొమ్మలు తీసేవాడు. ఆ గుర్రానికి హైపో అని పేరు పెట్టినాడు. ఛాయాచిత్రం చెరిగిపోకుండా నిలిపే రసాయనానికి వాడుకలో ఉన్న పేరది! తల్లిదండ్రులు కోరేది పిల్లల ముఖాలు తెల్లగా కనబడటం. ఆర్థర్ మిక్కిలి గాఢమైన నలుపుతెలుపులనిచ్చే కాగితం ఎన్నుకొని, ముఖాలను సుద్దవలె తెల్లగా అచ్చువేసి ఇచ్చేవాడు. సున్నితమైన ఛాయాభేదాలతో ఆ కొనుగోలుదారులకు పనిలేదు. నల్లని నలుపు, తెల్లని తెలుపు అనే ఈ వీధిపాఠం అతనికి జీవితాంతం మరపురాలేదు. గుర్రం మాత్రం ఎక్కువకాలం నిలువలేదు. రాబడి దాని మేతకే చాలకపోయినది.

యౌవనంలో అతడు ఇల్లు విడిచినాడు. ధర్మసత్రాలలో, ఉద్యానవనాల బల్లలమీద, రైల్వే స్టేషనులో నిద్రించిన రోజులున్నవి. అంట్లు తోమినాడు. మూగచిత్రాలు ఆడే హాలులో తెరముందు కూర్చుండి ఫిడేలు వాయించినాడు. తుదకు 1924 ప్రాంతంలో ఆక్మీ అనే వార్తాచిత్రసంస్థలో చీకటిగది పని దొరికినది. ఇతరులు తీసి తెచ్చిన చిత్రాలను కడిగి, అచ్చువేసి, ఆరబెట్టడం అతని విధి. పదేళ్లకు పైగా అతడా గదిలో పనిచేసినాడు. వేలకొలది చిత్రాలు అతని చేతులమీదుగా పోయినవి. ఏ చిత్రం పత్రికకు ఎక్కుతుందో, ఏది బుట్టదాఖలవుతుందో అతనికి అక్కడ తెలిసివచ్చినది. రాత్రివేళ హఠాత్తుగా అగ్నిప్రమాదమో హత్యో జరిగినపుడు, దుస్తులు దిద్దుకొని వెళ్లే ఛాయాగ్రాహకులు నిద్రలో ఉండగా, ఈ చీకటిగది మనిషినే సంస్థ పంపుతూ వచ్చినది. అట్లు రాత్రి అతని వశమైనది.

అతనికి వీజీ అనే పేరు వచ్చిన తీరు గురించి రెండు కథలున్నవి. తడిసిన చిత్రాల మీది నీటిని రబ్బరు పలకతో తుడిచే పనివాణ్ణి ఇంగ్లీషులో స్క్వీజీ కుర్రవాడనేవారు. ఆ మాటే కురచబడి వీజీ అయినదని ఒక కథ. భవిష్యత్తు చెబుతుందని కొందరు నమ్మే వీజా పలకను అమెరికావారు వీజీ అని పలుకుతారు. పోలీసులకంటె ముందుగా నేరస్థలానికి చేరుతున్నాడు గనుక ఇతనికి ఆ పలక పేరు వచ్చినదని రెండవ కథ. అతనికి నచ్చినది రెండవదే. తరువాతి కాలంలో తన చిత్రాల వెనుక, ప్రఖ్యాతుడైన వీజీ తీసినదని ముద్ర కొట్టేవాడు. ప్రఖ్యాతి రాకముందే ఆ ముద్ర చేయించుకొన్నవాడు గనుక ఆత్మవిశ్వాసానికి కొదువ లేదు.

1935లో అతడు ఆక్మీ ఉద్యోగం విడిచి, ఏ సంస్థకూ కట్టుబడక స్వతంత్రంగా చిత్రాలు తీసి అమ్మడం మొదలుపెట్టినాడు. అప్పటికి అతని చేతికి వచ్చిన కెమేరా స్పీడ్ గ్రాఫిక్.

దాని చరిత్ర కొంత తెలియదగినది. కొడాక్ కంపెనీలో ఒక విభాగంగా ఉన్న ఫోల్మర్ అండ్ ష్వింగ్ సంస్థ న్యూయార్కు రాష్ట్రంలోని రోచెస్టరు నగరంలో 1912లో దీనిని మొదటగా తయారుచేసినది. మూసి ఉన్నపుడు అది తోలు తొడిగిన ఒక కొయ్యపెట్టె. చేతిలో పట్టుకొని వీధిలో నడువవచ్చును. మీట నొక్కితే ముందుతలుపు క్రిందికి వాలి బల్లవలె నిలుస్తుంది. ఆ బల్లమీద రెండు పట్టాలు. లోపలనున్న కటకాన్ని పట్టాలమీదుగా ముందుకు లాగితే, దాని వెనుక హార్మోనియం పెట్టె మడతలవంటి తోలుతిత్తి సాగుతుంది. పెట్టె వెనుకభాగంలో గరుకుటద్దం. దానిమీద దృశ్యం తలక్రిందులుగా పడుతుంది. చిత్రకారుడు కావలసినంత సేపు చూచి, కటకాన్ని పైకెత్తి, ప్రక్కకు జరిపి, కూర్పు సరిచూచుకోవచ్చును. నిదానంగా నిలబెట్టి తీసే స్టూడియో కెమేరా గుణాలూ, చేతబట్టి పరుగెత్తే కెమేరా గుణాలూ ఒక్క పెట్టెలో ఇమిడించడమే ఈ నిర్మాణంలోని విశేషం. జర్మనీలో మ్యూనిక్ నగరపు లిన్‌హాఫ్ సంస్థ ఇదే మార్గంలో టెక్నికా అనే లోహపు కెమేరాను నిర్మించినది.

చేతబట్టి తీసేటప్పుడు గరుకుటద్దం చూచే వ్యవధి ఉండదు. అందుకై పెట్టె ప్రక్కన దూరమాపకం అమర్చేవారు. అందులో కొంత ఎడంగా రెండు చిన్న గవాక్షాలుంటాయి. ఒక వస్తువును వాటి గుండా చూచినపుడు రెండు బింబాలు కనబడతవి. మన రెండు కన్నులూ ఒకే వస్తువును రెండు కోణాలనుంచి చూచి దూరాన్ని గ్రహించినట్లే ఈ యంత్రమూ గ్రహిస్తుంది. కటకం పట్టాలమీద కదలుతూంటే, దానితో ముడివడిన మీట ఒక చిన్న అద్దాన్ని త్రిప్పుతుంది. రెండు బింబాలు కలిసి ఒక్కటైన చోట కటకం ఆ దూరానికి సరిగా కుదిరినట్లు లెక్క.

దానిలో వాడే ఫిల్ము 4 అంగుళాల వెడల్పు, 5 అంగుళాల పొడవు గల విడి రేకు. ఈనాడు అందరికీ తెలిసిన 35 మిల్లీమీటర్ల ఫిల్ము మీది చిత్రానికి ఇది వైశాల్యంలో 13 రెట్లకు పైబడి ఉంటుంది. అందువల్ల ఒక మూలనున్న ముఖాన్ని మాత్రం కత్తిరించి పెద్దదిగా అచ్చువేసినా పత్రికలో స్పష్టంగా కనబడేది. అయితే ఈ సౌకర్యానికి మూల్యమున్నది. ఒక్కొక్క చట్రంలో ఫిల్ములు రెండే. చట్రం వెనుక దూర్చాలి, మూతరేకు లాగాలి, షట్టరు బిగించాలి, మీట నొక్కాలి, మూతరేకు తిరిగి దూర్చాలి, చట్రం త్రిప్పి పెట్టాలి. చీకటిలో అయితే వెలుగుకై బల్బు కూడా మార్చాలి. ఆ బల్బులో ఆక్సిజను వాయువు నడుమ సన్నని లోహపు రేకు ఉంటుంది. విద్యుత్తు సోకగానే అది భగ్గున మండి ఒక్కసారితో ముగిసిపోతుంది. ఇన్ని పనుల తరువాతగాని రెండవ చిత్రం లేదు. జరిగే సంఘటన ఆగదు. కనుక స్పీడ్ గ్రాఫిక్ పట్టినవాడు మొదటి చిత్రంతోనే కార్యం సాధించాలి.

1934లోనే వీజీ న్యూయార్కు పోలీసు ప్రధాన కార్యాలయం వెనుక వీధిలో ఒక చిన్న గది అద్దెకు తీసుకొన్నాడు. మంచం, వార్తల రేడియో, గోడనిండా తాను తీసిన చిత్రాల పత్రికా కత్తిరింపులు. అదే అతని సంసారం. 1938లో పోలీసు సందేశాలు వినే రేడియోను కారులో అమర్చుకోవడానికి అతనికి అనుమతి లభించినది. ఆ కారు వెనుక అరలో కెమేరా, బల్బుల పెట్టెలు, టైపుమిషను, చుట్టలు, మారుమేజోళ్లు ఉండేవి. అదే కార్యాలయం, అదే ఇల్లు. ఊరు నిద్రించే వేళ అతడు మేలుకొని, రేడియోలో మాట వినబడగానే బయలుదేరేవాడు. తెల్లవారేసరికి చిత్రాలు కడిగి పత్రికా కార్యాలయాల చుట్టూ తిరిగి అమ్మేవాడు. రెండు హత్యల చిత్రాలకు లైఫ్ పత్రికనుంచి 35 డాలర్లు ముట్టిన రసీదును అతడు పదిలంగా దాచుకొని అందరికీ చూపేవాడు. మరణానికి ధర కట్టే ఈ బేరం ఎంత వింతదో చూచేవారికి ఆ రసీదే చెప్పేది.

ఇక్కడనే అతని పనితనపు మర్మమున్నది. అర్ధరాత్రి చీకటిలో దూరమాపకం గుండా చూస్తే కనిపించేదేమీ ఉండదు. కనిపించనిదానికి బింబాలు కలపడమెట్లు? కనుక వీజీ ఆ యంత్రాన్ని ప్రక్కకు నెట్టి, కెమేరాను ఒకే విధంగా ముందుగానే బిగించి ఉంచుకొనేవాడు: దూరం 10 అడుగులు, షట్టరు వేగం సెకనులో 200వ వంతు, కటకపు రంధ్రం ఎఫ్ 16. రంధ్రం అంత చిన్నదైనపుడు స్పష్టత ఒక్క బిందువు వద్దనే గాక ముందు వెనుకలకు వ్యాపిస్తుంది. ఇంచుమించు 8 అడుగులనుంచి 14 అడుగుల వరకు ఉన్నదంతా తేటగా వస్తుంది. చిన్న రంధ్రానికి తగిన వెలుగును బల్బు ఇస్తుంది. ఇక లెక్కలు లేవు, కొలతలు లేవు. మిగిలినది ఒక్కటే: మనిషికి 10 అడుగుల దూరంలో నిలువగలగడం.

వెలుగుకు సంబంధించిన భౌతికసూత్రం కూడా అతనికి తోడైనది. దీపంనుంచి దూరం రెండింతలైతే వస్తువు మీద పడే కాంతి నాలుగవ వంతు అవుతుంది. 10 అడుగులలోనున్న ముఖం తెల్లగా మెరిస్తే, 20 అడుగులలోనున్న గోడ మసకబారుతుంది, 40 అడుగులలోని వీధి చీకటిలో కలిసిపోతుంది. వీజీ చిత్రాలలో మనుష్యులు కాటుకవంటి నలుపులోనుంచి ఒక్కసారిగా బయటికి వచ్చినట్లు కనబడటానికి కారణమిదే. గుర్రంమీది పిల్లలకు అతడిచ్చిన సుద్దతెలుపు ముఖాలు ఇక్కడ మరొక అర్థంతో తిరిగి వచ్చినవి.

ఈ 10 అడుగులు యంత్రానికి సంబంధించిన లెక్క మాత్రమే అయితే అతని కథ ఇంతటితో ముగిసేది. కాని అది మనిషికీ మనిషికీ మధ్యగల దూరం కూడా. అంతకంటె దూరమైతే మనుష్యులు గుంపుగా మారతారు. అంతకంటె దగ్గరైతే చుట్టూ ఉన్న లోకం చిత్రంలోనుంచి తొలగిపోతుంది. 10 అడుగులలో నిలిచినవానికి ముఖమూ కనబడుతుంది, ఆ ముఖం ఎవరి నడుమ ఉన్నదో కూడా కనబడుతుంది. మొదట వీజీ అందరివలెనే వీధిలో పడి ఉన్న శవాలను తీసినాడు. క్రమంగా కెమేరాను శవంనుంచి మరల్చి, చూడవచ్చినవారివైపు త్రిప్పినాడు. చనిపోయినవాని కథ ముగిసినది. చూచేవారి ముఖాలలో అది ఇంకా నడుస్తున్నది. ఆ సంగతి గ్రహించడమే అతణ్ణి వార్తాచిత్రాల అమ్మకగాని స్థితినుంచి కళాకారుని స్థితికి ఎత్తినది.

1939 డిసెంబరులో బ్రూక్లిన్ ప్రాంతంలో ఒక బీదల భవనం కాలిపోయినది. వీజీ తీసినది మంటలను కాదు. లోపల చిక్కుకొన్న తమ వారికై తలలెత్తి చూస్తూ విలపించే తల్లీకూతుళ్లను తీసినాడు. చిత్రంలో నిప్పురవ్వ కూడా లేదు. అయినా అంతకంటె మండే చిత్రం అరుదు. అది తీస్తూ తాను కూడా ఏడ్చినట్లు అతడు తరువాత తెలిపినాడు. 1941లో అదే బ్రూక్లిన్‌లో ఒక బడి సమీపాన వీధిలో హత్య జరిగినది. బడి విడిచి వచ్చిన పిల్లలు అక్కడ మూగినారు. వీజీ చిత్రంలో మృతుడు కానరాడు. ముందుకు తోసుకువచ్చే పిల్లలున్నారు: ఒకరు నవ్వుతున్నారు, ఒకరు ఎదుటివాని జుట్టు లాగుతున్నారు, ఒకరు మెడ సాచి చూస్తున్నారు. వారి నడుమ మృతుని బంధువైన ఒక స్త్రీ ముఖం దుఃఖంతో వంకరపోయి ఉన్నది. వేడుక, భయం, శోకం ఒక్క చట్రంలో ఒకరినొకరు ఒరసుకొని నిలిచినవి. మృత్యువును మొదటిసారి చూచే పసితనం ఎట్లుంటుందో చెప్పడానికి ఏ వ్యాఖ్యానమూ అక్కరలేదు. ఉపాధ్యాయుడైనవాడు ఆ చిత్రం ముందు కొంచెంసేపు మౌనంగా నిలువక తప్పదు.

అతని దృష్టి నేరాలకే పరిమితం కాలేదు. 1940 వేసవిలో కోనీ ద్వీపపు సముద్రతీరాన ఇసుక కనబడనంతగా క్రిక్కిరిసిన జనాన్ని తీసినాడు. ఆ వేలాది జనంలో పెక్కుమంది కెమేరావైపే చూస్తున్నారు. ఎండకు తాళలేక ఇనుపమెట్ల మీద ఒకరిపై ఒకరు పడి నిద్రించే పేదపిల్లలను తీసినాడు. చీకటి హాలులో సినిమా చూచేవారిని, కంటికి కనిపించని పరారుణ కాంతినిచ్చే బల్బులతో, వారికి తెలియకుండ తీసినాడు. తనకు తెలిసిన బీదతనమే ఆ ముఖాలలో అతనికి కనబడినది. ప్రకటనలు పుచ్చుకొనకుండా నడుపబూనిన పీఎం అనే దినపత్రిక 1940లో వెలసినపుడు అతని చిత్రాలకు తగిన తావు దొరికినది. 1941లో ఫోటో లీగ్ అనే ఛాయాచిత్రకారుల సంఘం అతని చిత్రాలను ప్రదర్శించినది. 1943లో న్యూయార్కులోని ఆధునిక కళల మ్యూజియం తన ప్రదర్శనలో అతని చిత్రాలు ఐదింటిని ఉంచినది. పోలీసు ఠాణాల గడపలలో తిరిగినవాడు కళామందిరపు గడపలో అడుగుపెట్టినాడు.

ఆ సంవత్సరమే అతని చిత్రాలలో మిక్కిలి ప్రసిద్ధమైనది వెలువడినది. 1943 నవంబరులో మెట్రోపాలిటన్ ఒపేరా నాట్యశాల ఆరంభోత్సవపు రాత్రి. వజ్రాలు, తెల్లని బొచ్చుకోట్లు ధరించిన ఇద్దరు ధనవంతురాండ్రు చిరునవ్వుతో వస్తున్నారు. ప్రక్కన చింపిరి జుట్టు గల ఒక పేదస్త్రీ వారిని మింగివేసేటట్లు చూస్తున్నది. విమర్శకురాలు అనే అర్థం వచ్చే పేరుతో ఇది లోకమంతటా ప్రచారమైనది. రెండవ ప్రపంచయుద్ధం జరుగుతున్న రోజులు. సంపదకూ లేమికీ గల అగాధాన్ని ఒక్క మెరుపులో చూపిన చిత్రంగా దానిని మెచ్చుకొన్నారు. చాలకాలం తరువాత అతని సహాయకుడు అసలు సంగతి వెల్లడించినాడు. ఆ పేదస్త్రీ అక్కడికి యాదృచ్ఛికంగా వచ్చినది కాదు. వీజీ మాటమీద ఆమెను ఒక మద్యశాలనుంచి వెంటబెట్టుకొని వచ్చి, సమయానికి అక్కడ నిలబెట్టినారు.

ఈ సంగతి తెలిసిన తరువాత చిత్రాన్ని ఎట్లు చూడాలి? కెమేరా అబద్ధమాడదనే నమ్మకం సాధారణమైనది. కెమేరా తనముందు ఉన్నదానినే చూపుతుంది, నిజమే. తనముందుకు దానిని ఎవరు తెచ్చినారో చెప్పదు. ధనిక దరిద్ర భేదం వీజీ కల్పించినది కాదు, ఆ నగరంలో ప్రతి వీధిలో ఉన్నదే. నాటకకర్త అట్టి కూర్పు చేస్తే దోషం లేదు. వార్త అని చెప్పి ఇచ్చినపుడు మాత్రం చదువరికి చెప్పవలసినది ఒకటి దాచినట్లే. వీజీ మెప్పుదల ఎంత చెప్పినా ఈ లోపం కప్పిపుచ్చరానిది. బడిపిల్లల చిత్రాన్నీ దీనినీ ప్రక్కప్రక్కన ఉంచి చూస్తే తేడా తెలుస్తుంది. మొదటిదానిలో ఎన్నిసార్లు చూచినా క్రొత్త ముఖం, క్రొత్త భావం దొరుకుతుంది. రెండవది ఒక్క చూపులో అర్థమై, అంతటితో పూర్తి అవుతుంది. దొరికిన సత్యానికీ అమర్చిన సత్యానికీ భేదం ఇది.

1945లో అతని చిత్రసంపుటం నేకెడ్ సిటీ వెలువడి విశేషంగా అమ్ముడుపోయినది. ఆ సంవత్సరమే ఫిబ్రవరిలో జో రోసెంథాల్ పసిఫిక్ సముద్రంలోని ఇవో జిమా ద్వీపంలో, అమెరికా సైనికులు కొండమీద జెండా ఎత్తే చిత్రాన్ని స్పీడ్ గ్రాఫిక్‌తోనే తీసినాడు. ఒకే పనిముట్టు ఒకచోట యుద్ధవీరుల చిహ్నాన్ని, మరొకచోట పేరులేని వీధిమనుష్యుల చరిత్రను నిలిపినది. వీజీ పుస్తకం పేరును సినిమా నిర్మాత కొనుక్కొన్నాడు. 1948లో ఆ పేరుతోనే చిత్రం విడుదలయినది. 1947 నాటికి వీజీ హాలీవుడ్ చేరినాడు. చిన్న వేషాలు వేసినాడు, సలహాదారుగా పనిచేసినాడు. వంకర కటకాలతోను, చీకటిగది ఉపాయాలతోను ప్రసిద్ధుల ముఖాలను సాగదీసి, నలిపి వికృతచిత్రాలు చేసినాడు. వాటిమీద అతనికి మక్కువ ఎక్కువ. లోకానికి మాత్రం అంతగా పట్టలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. ఆ ముఖాలకూ అతనికీ నడుమ ఇప్పుడు ఉన్నది 10 అడుగుల నేల కాదు, ఒక గాజుగారడి. ఎదుటి మనిషి బాధ అతణ్ణి తాకడం లేదు. అతని చమత్కారమే అతనికి కనిపిస్తున్నది.

కొన్నేళ్లకు అతడు న్యూయార్కు తిరిగి వచ్చినాడు. 1961లో ఆత్మకథ ప్రకటించినాడు. డాక్టర్ స్ట్రేంజ్‌లవ్ అనే చిత్రాన్ని స్టాన్లీ క్యూబ్రిక్ ఇంగ్లాండులో నిర్మిస్తున్నపుడు అక్కడికి వెళ్లి నిశ్చలచిత్రాలు తీసినాడు. యౌవనంలో తానూ పత్రికలకు ఛాయాచిత్రాలు తీసిన క్యూబ్రిక్‌కు ఈ పాతకాలపు రాత్రిసంచారి యెడల గౌరవముండేది. మధుమేహంతో ఆరోగ్యం చెడిన చివరి సంవత్సరాలలో సమాజసేవకురాలైన విల్మా విల్కాక్స్ అతనికి ఆశ్రయమిచ్చి ఆదరించినది. 1968 డిసెంబరు 26వ తేదీన, 69 ఏళ్ల వయస్సులో, న్యూయార్కులోనే అతడు మరణించినాడు. అతడు అస్తవ్యస్తంగా పెట్టెలలో కుక్కిన చిత్రాలను విల్కాక్స్ భద్రపరచినది. 1993లో ఆమె మరణానంతరం సుమారు 16,000 చిత్రాలు, 7,000 నెగటివులు న్యూయార్కులోని అంతర్జాతీయ ఛాయాచిత్ర కేంద్రానికి చేరినవి.

వీజీ పోయిన ఐదేళ్లకు, 1973లో, స్పీడ్ గ్రాఫిక్ తయారీ కూడా ఆగిపోయినది. అప్పటికే చేతిలో ఇమిడే చిన్న కెమేరాలు, ఎడతెగకుండా 36 చిత్రాలు తీసేవి, పత్రికలలో దాని స్థానాన్ని ఆక్రమించినవి. ఆ తరువాత ఫిల్ము సైతం అక్కరలేని కాలం వచ్చినది. నేడు ప్రతివాని చొక్కాజేబులోను కెమేరా ఉన్నది. వీధిలో ప్రమాదం జరిగితే ఆదుకొనే చేతులకంటె ముందుగా కెమేరాలు లేస్తున్నవి. దూరం తానే కొలుచుకొని, వెలుగు తానే సరిచూచుకొనే యంత్రాలవి. అవి కొలువలేనిది ఒక్కటే మిగిలినది: చూచేవాడు ఎదుటి మనిషికి ఎంత దగ్గరగా, ఏ మనస్సుతో నిలిచినాడు అనేది. చట్రంలో రెండే ఫిల్ములున్నవాడు ఆ సంగతి ప్రతిసారీ ముందుగా తేల్చుకోవలసి వచ్చినది. ఒక్కొక్కప్పుడు తప్పుగా తేల్చుకొన్నా, తక్కిన వేళలలో వీజీ దానిని సరిగా తేల్చుకొన్నందువల్లనే, కాలిపోయే ఇంటిముందు ఏడ్చిన ఆ తల్లీ, హత్యను వేడుకగా చూచిన ఆ పసివారూ ఇంకా మన ముందు నిలిచి ఉన్నారు.